మత్తు సహాయకుల శిక్షణ

వేసవిలో ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన వెంటనే మన పట్టణముల గోడలు రంగురంగుల ప్రకటనలతో నిండిపోవుట ఏటేట చూచుచున్నదే. ఒకప్పుడవి ఇంజనీరింగు కళాశాలల ప్రకటనలు. తరువాత నర్సింగు పాఠశాలలవి. ఇప్పుడు పారామెడికల్ విద్యాలయములది పైచేయిగా నున్నది. ఆ ప్రకటనలలో ‘అనస్థీషియా టెక్నాలజీ’ అను పేరు కొన్నియేండ్లుగా మొదటి వరుసలో కనబడుచున్నది. గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతముల పిల్లలు ఇట్టి చదువులకై ఒంగోలునకు, కర్నూలునకు, విజయవాడకు, కొందరు బెంగుళూరునకును పోవుచున్నారు. ఎకరము తాకట్టుపెట్టి కుమారుని పంపిన తండ్రి, ‘మావాడు మత్తు డాక్టరు చదువు చదువుచున్నాడు’ అని నలుగురిలో చెప్పుకొనుచున్నాడు. ఆ మాటలో సగమే నిజము. పిల్లవాడు చదువుచున్నది మత్తునకు సంబంధించిన విద్యయే; కాని అది డాక్టరు చదువు కాదు. ఈ భేదము తండ్రికి తెలియకపోయినచో అతని డబ్బునకు చేటు. ఆసుపత్రులను నడుపువారికి తెలియకపోయినచో, లేక తెలిసియు వారు మరచినచో, రోగి ప్రాణమునకే చేటు.

ఆపరేషను అనగానే లోకులకు కత్తియు, కత్తి పట్టిన చేయియు తోచును. కోసి కుట్టిన వైద్యుని పేరు ఊరంతయు చెప్పుకొందురు. రోగిని నిద్రపుచ్చి, ఆ నిద్రలో అతని ఊపిరిని, నాడిని, రక్తపు పోటును క్షణక్షణము కనిపెట్టి, పని ముగిసిన పిదప క్షేమముగా లేపిన వైద్యుని పేరు పెక్కుమారులు రోగికే తెలియదు. మన ప్రాంతపు ఆసుపత్రులలో తరచు అవసరమగు పెద్ద ఆపరేషను కాన్పు కోత. దానికి సాధారణముగా నడుము దగ్గర వెన్నులో సూది వేసి శరీరపు క్రింది భాగమును మొద్దుబార్చుదురు. చూచువారికిది మిక్కిలి సులభముగా తోచును. తల్లి మెలకువతోనే యుండును. బిడ్డ తొలి యేడుపును తానే వినును. ఐనను మందు ఎక్కిన కొలది నిమిషములలోనే ఆమె రక్తపు పోటు హఠాత్తుగా పడిపోవచ్చును. మందు వెన్నులో పైపైకి ప్రాకినచో రొమ్ము కండరములు సడలి ఊపిరి యాడకపోవచ్చును. అప్పుడు తత్‌క్షణమే గొంతులో గొట్టము దింపి యంత్రముతో ఊపిరి పోయవలెను. నిండుగర్భిణికి గొంతులోపలి పొరలు ఉబ్బియుండుటచే ఆ గొట్టము దింపుట ఇతరులకంటె కష్టము. ఆమెకు ప్రాణవాయువు తరుగుటయు ఇతరులకంటె త్వరితము. మెదడునకు ప్రాణవాయువు అందనిచో నాలుగైదు నిమిషములలో చేటు మొదలగును. అట్టి సమయమున ఒక్క వైద్యుని రెండు చేతులును చాలవు. ప్రక్కనున్న వాని చేతులు కూడ పని తెలిసిన చేతులై యుండవలెను. మత్తు సహాయకుని అవసరము అక్కడ పుట్టినది.

అతని పని రోగిని బల్లపై పరుండబెట్టుటకు చాల ముందే ప్రారంభమగును. యంత్రములో గాలి ఎక్కడనైనను కారుచున్నదా, ప్రాణవాయువు సిలిండరులో పీడన మెంత యున్నది, అది తీరినచో రెండవది సిద్ధముగా నున్నదా, విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొను సున్నపు గుళికలు రంగు మారినవా, గొంతులో చూచు పరికరమునకు దీపము వెలుగుచున్నదా, నోటిలోని చీమిడిని, నెత్తుటిని లాగు పంపు పనిచేయుచున్నదా అని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. మందులలో పెక్కు నీటివలె తెల్లగనే యుండును. ఒక సూదిగొట్టములోనిది కండరములను సడలించును. ప్రక్కదానిలోనిది గుండెను వడిపెట్టును. వానిపై పేరు వ్రాసి అంటించుట చిన్నపని వలె కనబడును. ఆ చీటీ తారుమారైనచో మిగులునది శవపరీక్షయే. వేలికి తొడిగి రక్తములోని ప్రాణవాయువును లెక్కించు పరికరము నేడు చిన్న ఆసుపత్రులలోను కలదు. జపానుదేశపు ఇంజనీరు తకువో అవోయాగి 1974లో దాని మూలసూత్రమును బయటపెట్టెను. ఆ పరికరము తెరపై చూపు అంకెను నమ్మవలెనా, చల్లబడిన వేలివలన అది తప్పు చెప్పుచున్నదా అని గ్రహించుటకు అనుభవము కావలెను. ఆపరేషను ముగిసిన పిదప రోగి పూర్తిగా తెలివి తెచ్చుకొనువరకు ఒకరు ప్రక్కన నిలువవలెను. వైద్యుడు తరువాతి రోగికడకు పోయినపుడు ఆ నిలుచువాడు ఇతడే.

ఇట్టి మనుష్యుడు ప్రతి ఆపరేషను గదికిని ఉండవలెననుటలో మాకు సందేహము లేదు. కావున వీరిని తయారుచేయు పాఠశాలలు పెరుగుటను మేము ఆక్షేపించుట లేదు, సంతోషించుచున్నాము. మా భయము వేరు. పాఠశాలలు పెరిగినంత వేగముగా మత్తువైద్యులు పల్లెటూళ్లకు రాలేదు. వైద్యుడు లేని చోట సహాయకుడున్నచో, ‘ఇన్నాళ్లుగా చూచుచున్నాడు గదా, ఈ పూటకు ఇతనిచేతనే కానిత్తము’ అను బుద్ధి పుట్టుట మానవసహజము. ఆ ఒక్క పూటయే ఆచారమగును.

గిద్దలూరు తాలూకా స్థితి ఎరిగినవారికి ఈ భయము అర్థము కాకపోదు. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్తజిల్లా ఏర్పడువరకు గిద్దలూరు, మార్కాపురము ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లా యేర్పడినపుడు కచ్చేరి తూర్పునకు పోయినది గాని, దూరము తగ్గలేదు. ఒంగోలు నూరుమైళ్లకు దగ్గరగా నున్నది. నంద్యాల దూరమున అంతకంటె తక్కువయే గాని, దిగువమెట్ట దాటినది మొదలు గాజులపల్లె వరకు నల్లమల యడవియు ఘాటుమార్గమును అడ్డుగా నున్నవి. రాచర్ల మండలపు పల్లెలో రాత్రి పదిగంటలకు నొప్పులు పడుచున్న యొక స్త్రీకి బిడ్డ అడ్డము తిరిగిన దనుకొందము. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 వాహనము వచ్చును, గిద్దలూరు చేర్చును. అక్కడ కోత కోయగల వైద్యురాలుండి, మత్తు నిచ్చువారు ఆనాడు లేకున్నచో, వైద్యురాలు చేతులు కట్టుకొని ‘నంద్యాల తీసికొని పొండు’ అనవలసినదే. ఆ రాత్రి ఘాటులో ఆ వాహనము వెనుక పోవుచున్న భర్తకు పాఠశాలల సంఖ్యతో పనిలేదు. ఇది గిద్దలూరున కొక్కదానికే కలిగిన కష్టము కాదు. మెట్టప్రాంతపు పట్టణములన్నిటిదియు ఇదే కథ. ప్రపంచమున అయిదువందలకోట్ల జనులకు నిరపాయమైన, భరింపదగిన శస్త్రచికిత్స అందుబాటులో లేదని 2015లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘము లెక్కవేసినది. ఆ అయిదువందలకోట్లలో మన రాచర్ల, కొమరోలు, అర్ధవీడు మండలముల వారును చేరియే యున్నారు.

మత్తు నిచ్చువానికి ఎంత విద్య కావలెను, ఎవరి చేతికి ఆ పని విడువవచ్చును అను ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున మార్టను అను దంతవైద్యుడు ఈథరుతో రోగిని నిద్రపుచ్చి చూపెను. ఆరునెలలు నిండకమున్నే, 1847 మార్చిలో, కలకత్తాలో ఈథరును వాడిరి. అదేయేట ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. క్లోరోఫారము వాడుట సులభము. రుమాలుపై నాలుగు చుక్కలు పోసినచో చాలును. కాని ఆరోగ్యవంతులు సైతము చిన్న చిన్న ఆపరేషనులలో దానిక్రింద హఠాత్తుగా మరణించుచుండిరి. గుండె ముందు నిలుచుచున్నదా, ఊపిరి ముందు నిలుచుచున్నదా యని వైద్యలోకమున పెద్ద తగవు రేగెను. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ ఊపిరియే ముందు నిలుచునని పట్టుబట్టెను. నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనసాహాయ్యమున 1888లో ఒకటియు, 1889లో ఒకటియు క్లోరోఫారము కమిషనులు హైదరాబాదులో కూర్చుండినవి. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటను వచ్చెను. హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన పార్సీ వనిత రూపాబాయి ఫర్దూంజీ ఆ పరిశోధనలలో పాల్గొనెను; ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను నేడు పేర్కొనుచున్నారు. ఇది మనకు గర్వకారణమే.

కాని ఆ కమిషను తీర్పు నిలువలేదు. ఊపిరిని మాత్రము కనిపెట్టియుండినచో క్లోరోఫారమువలన భయము లేదని వారు తేల్చిరి. 1911లో లండనున గుడ్‌మన్ లీవి చేసిన ప్రయోగములు, మత్తు పలుచగా నున్నపుడే గుండె లయ తప్పి ఆగిపోవుట కలదని చూపినవి. లారీ సమర్థుడు, శ్రద్ధాళువు. తన శిష్యులకు ఊపిరిని చూచుట చక్కగా నేర్పెను. ఆ నేర్పినది నిజములో ఒక భాగము మాత్రమే. కన్ను ఒక్కచోటనే నిలుపుట నేర్చిన శిష్యుడు, అపాయము మరియొక దారిని వచ్చినపుడు ఏమి చేయగలడు? మొఫసిలు ఆసుపత్రులలో ఆ తరువాత చాలకాలము, శస్త్రవైద్యుడు కోయుచుండగా ‘ఇంకొక రెండు చుక్కలు పోయుము’ అన్న ఆజ్ఞను పాటించి క్లోరోఫారము పోయుచుండినవారు కాంపౌండరులే. వారిలో నిపుణులు లేకపోలేదు. కాని ఆజ్ఞ యిచ్చువాని కన్ను గాయముపైన, పోయువాని కన్ను సీసాపైన. రోగిని చూచువా రెవరు? మత్తు ప్రత్యేకవైద్యశాఖగా నెలకొనుటకు ఈ అనుభవమే కారణము. మన దేశమున ఆ వైద్యుల సంఘము 1947లో ఏర్పడినది.

ఇప్పుడు పాఠశాలలు పెరుగుచున్నవన్న వార్త అమెరికానుండియు వచ్చుచున్నది. అక్కడి మాటను ఇక్కడికి తెచ్చునపుడు కొంత జాగ్రత్త వలయును. అక్కడను 1960వ దశకమున మత్తువైద్యులు చాలక గ్రావెన్‌స్టైను, స్టైన్‌హాసు, వోల్పిట్టో అను ముగ్గురు ఆచార్యులు నడిమితరగతి విద్య యొకటి కావలెనని యోచించిరి. 1969లో క్లీవ్‌లాండులోని కేస్ వెస్టర్న్ రిజర్వు, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయములు ఆ విద్యను ప్రారంభించినవి. చాలకాలము ఆ రెండే యుండెను. ఈ శతాబ్దమున, విశేషముగా గత పదియేండ్లలో, వాని సంఖ్య ఇరవై దాటినది. అక్కడి సహాయకుడు నాలుగేండ్ల పట్టము ముగించి, వైద్యకళాశాలలో చేరుటకు కావలసిన రసాయన, జీవశాస్త్రములన్నియు చదివి, ఆపైన రెండేండ్లకు మించిన స్నాతకోత్తర విద్యను గడించును. మత్తువైద్యుని ఆధీనమున అతడే మందిచ్చును, గొట్టము దింపును. ఒక వైద్యుడు ఏకకాలమున నాలుగు గదులకు మించి పర్యవేక్షింపరాదను కట్టుబాటు అక్కడ చెల్లుబడిలో నున్నది. వైద్యుడు గదినుండి గదికి తిరుగుచుండును. పిలిచినచో క్షణములో వచ్చును. మన ‘అనస్థీషియా టెక్నీషియను’ ఇంటర్మీడియటు ముగించి రెండేండ్లో, నాలుగేండ్లో చదివినవాడు; అతని పని యంత్రమును, సామగ్రిని సిద్ధపరచి వైద్యునికి చేయందించుట. ఇద్దరిని ఒక్కపేరుతో పిలిచి, ‘అమెరికాలో వీరే మత్తు నిచ్చుచున్నారు’ అని ప్రకటించు విద్యాలయము మోసమే చేయుచున్నది.

ఇంగ్లండున జరిగినది మరింత గమనింపదగినది. అక్కడ ఈ శతాబ్దారంభమున ఇట్టి సహాయకులను ప్రవేశపెట్టి, పిదప వారికి ‘అనస్థీషియా అసోసియేటులు’ అని పేరు మార్చి, సంఖ్యను బహుళముగా పెంప దలచిరి. రోగులు వీరిని వైద్యులుగా పొరబడుచున్నారని, శిక్షణలోనున్న యువవైద్యుల అవకాశములు తగ్గుచున్నవని అలజడి పుట్టినది. 2023 అక్టోబరులో మత్తువైద్యుల రాయల్ కాలేజి సభ్యులు ప్రత్యేకసభ జరిపి విస్తరణను నిలుపుమని తీర్మానించిరి. 2024 డిసెంబరున జనరల్ మెడికల్ కౌన్సిల్ వీరిని తన పరిపాలనలోనికి తీసికొనెను. 2025 జూలైలో జిలియన్ లెంగ్ సమీక్ష వెలువడి, ‘అసోసియేటు’ అను మాట తీసివేసి మరల ‘అసిస్టెంటు’ అనియే పిలువవలెనని చెప్పినది. పేరులో నేమున్నదని కొంద రందురు. ఇరవైయేండ్లు నడచిన యొక వృత్తి ఒక్క పేరుచుట్టు ఇంత తగవులో పడుట చూచిన పిదప మేము అట్లనలేము. రోగికి తన తలకడ నిలిచినవా డెవరో తెలిసికొను హక్కు కలదు.

మన దేశమున చట్టము ఆలస్యముగానైనను వచ్చినది. 2021లో పార్లమెంటు అనుబంధారోగ్యవృత్తుల జాతీయ కమిషను చట్టమును చేసినది. దాని పట్టికలో మత్తు సహాయకులును, సాంకేతికులును పేరుతో చేర్చబడిరి. డిప్లొమాకు గాని, పట్టమునకు గాని రెండువేల గంటలకు తక్కువ చదువుండరాదని అనుబంధ వృత్తిపరులకు చట్టము నిర్ణయించినది. పైతరగతి వృత్తిపరులకు మూడువేల ఆరువందల గంటలు. రాష్ట్రములు మండలులను నియమింపక తాత్సారము చేయగా 2024 ఆగస్టులో సుప్రీముకోర్టు గడువు విధింపవలసివచ్చెను. 2025 ఏప్రిలులో కేంద్రారోగ్యశాఖ పది వృత్తులకు దేశమంతట ఏకరీతిగా నుండదగిన పాఠ్యప్రణాళికలను ప్రకటించినది; మత్తు, ఆపరేషను గది సాంకేతికవిద్య వానిలో నొకటి. మన రాష్ట్రమున విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయము క్రింద పట్టవిద్యయు, పారామెడికల్ బోర్డు క్రింద రెండేండ్ల డిప్లొమాయు నడుచుచున్నవి. కాగితముపైన నున్నది చక్కగనే యున్నది.

ఐతే గంటలు లెక్కించిన చట్టము బల్లలను లెక్కించుట మరువరాదు. ఈతను ఏటిలో నేర్తురు గాని నల్లబల్లపైన నేర్వరు. ఈ విద్యయు నట్టిదే. ఒక విద్యాలయమున ఏటికి అరువదిమందిని చేర్చుకొని, దానితో పొత్తుపెట్టుకొన్న ఆసుపత్రిలో దినమునకు రెండే ఆపరేషనులు జరుగుచున్నచో, ఆ అరువదిమంది గోడప్రక్క నిలిచి చూచుటకైనను తావు చాలదు. నిండు మూడేండ్లు చదివి, ప్రాణమున్న మనుష్యుని గొంతులో గొట్టము దింపునపుడు వైద్యుని ప్రక్కన ఒక్కమారైనను నిలువక పట్టము పుచ్చుకొనుటకు వీలున్నచో ఆ పట్టము విలువ యెంత? మంజూరు కావలసిన స్థానముల సంఖ్యను తరగతిగదుల కొలతను బట్టి గాక, అనుబంధమైన ఆసుపత్రిలో ఏటికి జరుగు పెద్ద ఆపరేషనుల సంఖ్యను బట్టియు, అచట నిజముగా పనిచేయుచున్న మత్తువైద్యుల సంఖ్యను బట్టియు నిర్ణయింపవలెను. తనిఖీదినమున మాత్రము అద్దెకు వచ్చి పోవు యంత్రములను, ఆచార్యులను ఈ లెక్కలో చేర్చరాదు. ఈ అద్దె వ్యవహారము ఇతర వృత్తివిద్యలలో మనకు క్రొత్త గాదు. ఇందును అది ప్రవేశింపదని నమ్ముటకు కారణము కనబడదు.

వైద్యులలో కొందరు దీనికి మరియొక మందు చెప్పుదురు: సహాయకులే వద్దు, వైద్యులనే పెంపుడు. ఈ వాదము విన్నపుడు మాకు భోర్ సంఘము గుర్తువచ్చును. 1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన ఆ సంఘము కాలమున దేశములోని వైద్యులు 47,524. వారిలో పట్టభద్రులు 17,654 మందియే. తక్కిన 29,870 మంది లైసెన్షియేటులు, అనగా మన పెద్దలు ఎల్‌.ఎం.పి. డాక్టరులని పిలిచినవారు. దేశమున ఒకే తరగతి వైద్యుడుండవలెనని సంఘములోని అధికసంఖ్యాకులు నిశ్చయించిరి. ఆరుగురు సభ్యులు భిన్నాభిప్రాయమును వ్రాసిరి. ఎల్‌.ఎం.పి. పాఠశాలలు క్రమముగా మూతబడినవి, లేక కళాశాలలైనవి. ఆశయము గొప్పది, పల్లెలోని పీట మాత్రము చాలకాలము ఖాళీగా మిగిలినది, పెక్కుచోట్ల నేటికిని మిగిలియే యున్నది. ఉత్తముని కొరకు వేచియుండి మధ్యముని పంపివేసిన ఫలము అది. కావున సహాయకులే వలదను వాదమును మేము అంగీకరింపము. కాని ఎల్‌.ఎం.పి. వైద్యుడు తన పనికి తానే బాధ్యుడు. మత్తు సహాయకుడు అట్లు కాడు. అతని పేరే చెప్పుచున్నది, అతడు మరియొకనికి సహాయకుడని. ఆ మరియొకడు ఊరిలో లేనిచోట సహాయకుని నిలుపుట, సారథి లేని బండికి వెనుక సీలకొట్టువానిని కూర్చుండబెట్టుట వంటిది.

మరి ఆ మరియొకడు ఎట్లు వచ్చును? ప్రత్యేకవైద్యులు చాలని మాట నిజమే. దీనికి కేంద్రప్రభుత్వము 2002 ప్రాంతమున నొక మార్గము కనిపెట్టినది. ఎం.బి.బి.ఎస్. వైద్యులకు పదునెనిమిది వారములు ప్రాణరక్షక మత్తువిద్యను నేర్పి, అత్యవసరమైన కాన్పులకు మాత్రము మత్తు నిచ్చుట కర్హులను చేయుట ఆ పథకము. ఆలోచన మంచిది. ఫలము కొంతయే వచ్చినది. శిక్షణ పొందినవారిలో పలువురు ఆ పని చేయనేలేదని తరువాతి సమీక్షలు తెలిపినవి. కారణము వారి అశక్తత యొక్కటే కాదు: మత్తు నేర్చినవానిని కోత కోయువారు లేని ఆసుపత్రికి పంపిరి, కోత కోయువారున్నచోట రక్తపు నిల్వ లేదు, రెండును ఉన్నచోట యంత్రము చెడియున్నది, అన్నియు ఉన్నచోట ప్రక్కన చేయందించు సహాయకుడు లేక, పదునెనిమిది వారముల వైద్యుడు ఒంటరిగా ధైర్యము చేయలేకపోయెను. ఈ చివరి లోటును తీర్చుటకే నేటి సహాయకుడు పనికివచ్చును. ఒక ప్రక్క శిక్షణ పొందిన ఎం.బి.బి.ఎస్. వైద్యుడు, అతని ప్రక్కన చదువుకొన్న సహాయకుడు, ఇద్దరికిని ఫోనులో నెల్లప్పుడు దొరకు ప్రత్యేకవైద్యుడు: ఈ ఏర్పాటు గిద్దలూరు వంటి పట్టణమునకు ఈనాడే సాధ్యము. విడివిడిగా రెండు శిక్షణలకును డబ్బు వెచ్చించుచున్న ప్రభుత్వము, ఆ ఇద్దరిని ఒక్క గదిలోనికి చేర్చు ఉత్తరువు నొకదానిని జారీచేయుటకు వెనుదీయుట ఎందులకో తెలియదు.

కొలువుల సంగతియు చెప్పవలెను. ప్రభుత్వాసుపత్రులలో మత్తు టెక్నీషియను పనులకు ప్రకటనలు వెలువడుచునే యున్నవి. కాని వానిలో పెక్కు కాంట్రాక్టు పద్ధతినో, అవుట్‌సోర్సింగు పద్ధతినో నింపబడుచున్నవి. ఏడాదికి ఏడాది గడువు పొడిగింపునకై అర్జీ పెట్టుకొనువాడు అవకాశము దొరకిన మరునాడే హైదరాబాదునకో, బెంగుళూరునకో, గల్ఫునకో పోవును. అతనిని తప్పుపట్టలేము. మార్కాపురపు పలకలు దేశదేశములకు పోయినట్లు మార్కాపురపు పిల్లలును పోవుదురు. పలకలకు వెల వచ్చినది. ఈ పిల్లల చదువున కయిన వ్యయమునకు ఇక్కడి రోగికి వచ్చిన దేమి?

మార్కాపురమున ప్రభుత్వ వైద్యకళాశాల పనులు ఆరంభమైనప్పుడు ఈ ప్రాంతీయులు సంతసించిరి. 2023 సెప్టెంబరున నంద్యాల మొదలగు అయిదు క్రొత్త కళాశాలలలో తరగతులు ప్రారంభమైనవి. మార్కాపురము వంతు తరువాత వచ్చునని చెప్పిరి. 2025 సెప్టెంబరులో రాష్ట్రమంత్రివర్గము పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమున నడుప నిర్ణయించినది. మొదటి విడతలో ఆదోని, మదనపల్లె, పులివెందులలతోపాటు మార్కాపురము పేరును చేరినది. ఆ నిర్ణయముపై పక్షములు పోరాడుచున్నవి. ఆ పోరాటపు న్యాయాన్యాయములు వేరు వ్యాసమునకు తగినవి. ఇక్కడ మేము కోరునది ఒక్కటి: ఆ కళాశాలను ఎవరు నడిపినను, ఒప్పందమున మత్తువిభాగమును గూర్చి రెండు షరతులు వ్రాయించవలెను. అనుబంధాసుపత్రిలోనే మత్తు సహాయకుల పాఠశాల యుండి, గిద్దలూరు, కంభము, కనిగిరి, యర్రగొండపాలెము ఆసుపత్రులకు ఆ విద్యార్థులు ఇంటర్నుషిప్పు కాలమున వంతులవారీగా పోవలెను. వారు పోవునపుడు వారితో ఒక మత్తువైద్యుడును తప్పక పోవలెను. రెండవ షరతు లేక మొదటిది మాత్రమే వ్రాయుటకంటె ఏమియు వ్రాయకుండుట మేలు.

2025 నవంబరులో మార్కాపురము కేంద్రముగా క్రొత్తజిల్లాకు ప్రభుత్వము సంకల్పము చెప్పినది. జిల్లా యనగా కలెక్టరు కచ్చేరియు, పోలీసు బంగళాయు మాత్రమే కాదు. జిల్లా కేంద్రమున పగలు రాత్రి మత్తు నీయగల ఆసుపత్రి యొకటి యుండుట దాని మొదటి లక్షణములలో చేరవలెను.

ప్రభుత్వము చేయవలసినది చేయునంతవరకు మన పాఠకులు చేయగలిగినదియు కలదు. గిద్దలూరు, కంభము పట్టణములలోని పెద్దలు పలువురు ఆసుపత్రుల అభివృద్ధి సంఘములలో సభ్యులు. ఈ నెల సమావేశమున వారు మూడు లెక్కలు అడిగి వ్రాయించవచ్చును: గడచిన పన్నెండు మాసములలో మత్తువైద్యుడు లేని కారణమున ఎందరు గర్భిణులను పైయూరికి పంపిరి, మత్తుయంత్రమును చివర పరీక్షించిన తేదీ ఏది, మత్తు నిచ్చినపుడెల్ల రిజిస్టరులో సంతకము ఎవరిది. మూడవ ప్రశ్నకు వచ్చు జవాబును వారు స్వయముగా చదువవలెను. సహాయకుని సంతకము వైద్యుని గడిలో నున్నచో అతనిని దండింపుమని మేము చెప్పము. ఆ గడి ఖాళీగా నుండుటకు కారకులైన వారిని కనుగొనవలెను.

పిల్లలను ఈ విద్యకు పంపదలచిన తలిదండ్రులు ప్రకటన చేత పుచ్చుకొని నేరుగా ఆ విద్యాలయమునకు పొండు. భవనమును చూపుదురు, చూడుడు. ప్రయోగశాలలోని రబ్బరు బొమ్మను చూపుదురు, అదియు చూడుడు. ఆపైన, మా పిల్లవాడు ఏ ఆసుపత్రిలో, వారమునకు ఎన్నిదినములు, ఏ మత్తువైద్యుని చేతిక్రింద పని నేర్చునని అడుగుడు. ఆసుపత్రి పేరును, వైద్యుని పేరును వ్రాసి యిచ్చినచో, మరునాడు ఆ ఆసుపత్రికి పోయి ఆ వైద్యుడు అక్కడ నున్నాడేమో విచారింపుడు. అంతవరకు మొదటి వాయిదా రుసుము మీ మొలలోనే యుండనిండు.